పైన తళతళ.. కింద లొడలొడ!
పాత కారుకు రంగు తర్వాత.. ముందు స్టీరింగ్ ర్యాక్‌లో అరిగినవి మార్పించాలి

పాత కార్లకు మళ్లీ మంచిరోజులొచ్చాయి. ఒకప్పుడు గడ్డివాము పక్కన, చింతచెట్టు కింద కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి వదిలేసిన అంబాసిడర్లు ఇప్పుడు పూలదండలు వేసుకుని పెళ్లి ఊరేగింపుల్లో తిరుగుతున్నాయి. బళ్లారి, హోసూరు, చెన్నై, బరంపురం.. సరిహద్దు ఊళ్లలో ఎక్కడ చూసినా తాతగారి కారును షెడ్డుకు తోలి మెరిపించాలన్న ముచ్చట ఒకరిద్దరికైనా ఉంటోంది. ముచ్చట మంచిదే. ఒక తరం నడిపిన బండిని ఇంకో తరం చూడగలుగుతుంది.

తంటా అంతా ఆ ముచ్చట తీర్చుకునే వరసలోనే ఉంది. ముందు టింకరింగు. తర్వాత పెయింటు. ఆపై బంపర్లకు క్రోమ్ పూత, సీట్లకు కొత్త బట్ట, పాటలకు కొత్త సెట్టు. ఇవన్నీ అయ్యాక జేబులో మిగిలిన దాంతో కింద పని. అప్పటికి మిగిలేదెంత? ‘స్టీరింగ్ కొంచెం ఆడుతోందన్నా’ అని మెకానిక్ అంటాడు. ‘పాత బండి కదా, ఆ మాత్రం ఉంటుందిలే. ప్రస్తుతానికి బిగించెయ్’ అని ఓనరు అంటాడు. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు.

పాత బండి అయినంత మాత్రాన స్టీరింగ్ ఆడాలని ఎక్కడా లేదు. ఫ్యాక్టరీ గేటు దాటిన నాడు ఆ బండ్లూ బిగువుగానే ఉన్నాయి. ఇప్పుడు ఆడుతోందంటే లోపల ఏదో అరిగింది. అరిగినదాన్ని వెతికి పట్టుకుని మార్చాలి. బిగించి దాచిపెడితే అరిగింది తిరిగి రాదు, ఇంకా అరుగుతుంది. అంతే తేడా.

అంబాసిడర్‌దీ ర్యాకే

ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ మన దేశానికి మారుతి 800తో వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్‌కు మొదటి నుంచీ ఇదే ఏర్పాటు. 1950 దశకం చివర్లో మొదలైన ఆ కారుకు మూలం బ్రిటన్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. అక్కడ ఆ మోడల్ ఏనాడో పోయింది. ఇక్కడ 2014 మే నెల దాకా బతికింది.

మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారుచేసిన హెరాల్డ్‌దీ ర్యాకే. చిన్న సందులో కూడా ఇట్టే తిరిగిపోతుందని ఆ కారుకు పేరు. బొంబాయి నుంచి వచ్చిన ఫియట్, దాని తర్వాతి పేరు పద్మిని మాత్రం వేరే దారి. వాటికి ఉండేది స్టీరింగ్ బాక్సు. 1983 చివర్లో వచ్చి 2014లో ఆగిపోయిన మారుతి 800 కూడా ఇప్పుడు అభిమానుల చేతికి చేరుతోంది. దానిదీ ర్యాకే. అంటే మన వైపు పాతకారు ఉన్న ఇళ్లలో చాలావాటికి ఈ సంగతి పనికొచ్చేదే.

ఇంతకీ ర్యాక్ అంటే ఏమిటి? ఒక వైపు పళ్లు కోసిన ఉక్కు కడ్డీ. పినియన్ అంటే ఆ పళ్ల మీద తిరిగే చిన్న పళ్లచక్రం. చేతిలో స్టీరింగ్ తిప్పితే పినియన్ తిరుగుతుంది. పినియన్ తిరిగితే కడ్డీ ఎడమకో కుడికో జరుగుతుంది. కడ్డీ రెండు కొసల్లో బాల్ జాయింట్లు, వాటికి టై రాడ్లు, వాటి చివర టై రాడ్ ఎండ్లు. ఆ ఎండ్లు చక్రాలను తిప్పుతాయి. డ్రైవరు చేతికీ రోడ్డుకూ మధ్య ఉన్నది ఇంతే.

ఇంజను ఆగిపోతే బండిని పక్కకు తోసుకోవచ్చు. కాలి బ్రేకు పట్టకపోతే హ్యాండ్ బ్రేకు లాగొచ్చు. స్టీరింగ్ చేతికి అందకుండా పోతే రెండో దారి లేదు. కారులో రెండో అవకాశం ఇవ్వని భాగం ఏదన్నా ఉంటే అది ఇదే. అలాంటిదానికి మిగిలిన చిల్లర కేటాయించడం ఏం లెక్క?

అరుగుదల ఎక్కడ?

బళ్లారి నుంచి గుంతకల్లుకు కారులో వెళ్తున్నారనుకోండి. దారి పొడవునా స్టీరింగ్ ఎంత తిరుగుతుంది? అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు. పూర్తిగా తిప్పేది ఇంటి ముందు, బస్టాండు దగ్గర, పెట్రోలు బంకులో. అంటే ర్యాక్ కడ్డీ మీద పళ్లన్నీ సమానంగా అరగవు. నడిమి పళ్లు ఎక్కువ అరుగుతాయి. కొసల పళ్లు కొత్తవాటిలాగే ఉంటాయి. ఈ చిన్న విషయం గుర్తుంటే మిగతా కథంతా అర్థమవుతుంది.

రెండోది బుష్. పినియన్ ఉన్న వైపు కడ్డీకి పట్టు దొరుకుతుంది. రెండో కొసలో దాన్ని మోసేది ఒక బుష్ మాత్రమే. అది అరిగితే కడ్డీ గొట్టం లోపల పైకీ కిందికీ కొట్టుకుంటుంది. గతుకుల రోడ్డు మీద కాళ్ల దగ్గర నుంచి లొడలొడ అని వినిపించే చప్పుళ్లలో ఇదొకటి. సస్పెన్షన్ అనుకుని షాక్ అబ్సార్బర్లు మార్పించినవాళ్లున్నారు. చప్పుడు పోలేదు, డబ్బు పోయింది.

మూడోది బాల్ జాయింట్లు. లోపలివి రెండు, బయటివి రెండు. గోళీలాంటి ఉక్కు బంతి ఒక గిన్నెలో తిరుగుతుంది. గిన్నె అరిగితే బంతి వదులవుతుంది. బంతే గుండ్రం తప్పితే కొత్త గిన్నె వేసినా లాభం లేదు. నాలుగోది పినియన్ బేరింగులు. అయిదోది ర్యాక్‌ను బాడీకి పట్టి ఉంచే క్లాంపులు, వాటి బోల్టులు. లోపల అన్నీ కొత్తవి వేసి క్లాంపులు వదులుగా వదిలేస్తే ర్యాక్ మొత్తమే అటూ ఇటూ జరుగుతుంది. పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇక అన్నిటికంటే చవకైనది, అన్నిటికీ మూలమైనది రబ్బరు బూటు. కడ్డీ కొసలను కప్పి ఉంచే ముడతల తొడుగు అది. అది చిరిగిందా, లోపలి ఆయిల్ బయటికి కారుతుంది, బయటి దుమ్ము, వాన నీళ్లు లోపలికి పోతాయి. ఆయిల్‌లో కలిసిన ఇసుక రాగిపాత్ర తోమే చింతపండూ ఇసుకలా పళ్లను తోమేస్తుంది. అన్నిటికంటే తక్కువ ధర ఉన్న రబ్బరు తొడుగును సకాలంలో మార్చకపోవడం వల్లే అన్నిటికంటే ఎక్కువ ధర ఉన్న కడ్డీ పోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

ఆటను దాచే మాయ

కన్నడలో ఆట, తమిళంలో ఆట్టం, తెలుగులో ఆట. షెడ్డులో అందరూ అనేది ప్లే. ఏ మాటతో పిలిచినా అది పిల్లలు ఆడుకునే ఆట కాదు. దాన్ని దాచడానికి షెడ్డుల్లో వాడుకలో ఉన్న కిటుకులు రెండు.

మొదటిది షిమ్ములు తీసేయడం. పినియన్‌కు ఎదురుగా ఒక మూత ఉంటుంది. దాని లోపల స్ప్రింగ్ మీద కూర్చున్న ఒక దిమ్మ, ర్యాక్ కడ్డీని పినియన్‌కేసి నొక్కి పట్టుకుంటుంది. మూత కింద పల్చటి రేకు షిమ్ములు కొన్ని ఉంటాయి. ఒకటి రెండు తీసి మూత బిగిస్తే దిమ్మ గట్టిగా నొక్కుతుంది. ఆట పోయినట్టే కనిపిస్తుంది. ఓనరు అక్కడే రెండు రౌండ్లు కొట్టి ‘భలే బిగువొచ్చింది’ అంటాడు. పని పావుగంట. ఇద్దరికీ సంతోషం.

అసలు సంగతి మలుపులో తెలుస్తుంది. నడిమి పళ్లు అరిగాయి, కొసల పళ్లు అరగలేదు అనుకున్నాం కదా! నడిమి పళ్లకు సరిపోయేలా బిగిస్తే కొసల పళ్ల దగ్గరికి వచ్చేసరికి పట్టేస్తుంది. మలుపు తిప్పాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు. చేత్తో బలంగా లాక్కోవాలి. ఇరుకు రోడ్డు మలుపులో ఎదురుగా లారీ వస్తుంటే ఆ లాగుడుకు టైమెక్కడిది? 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. కొంచెం ఆడే స్టీరింగ్ కంటే మధ్యలో పట్టేసే స్టీరింగ్ ఇంకా ప్రమాదం.

షిమ్ములనేవి ఎందుకున్నాయి మరి? కొత్త భాగాలు బిగించాక కొలత చూసి సరిచేసుకోవడానికి. అరిగిన భాగాల వయసు దాచడానికి కాదు. తెల్ల జుట్టుకు రంగేస్తే మోకాళ్ల నొప్పి పోతుందా?

రెండో కిటుకు గ్రీజు. బూటు చిరిగి ఆయిల్ కారుతుంటే, బూటు మార్చకుండా ఆయిల్ మానేసి గ్రీజు కూరేయడం. గ్రీజు కారదు, నిజమే. కానీ ఆయిల్‌తో నడవడానికి తయారైన ర్యాక్‌లో గ్రీజు ఒకసారి కొసలకు తోసుకుపోతే మళ్లీ పళ్ల మీదికి రాదు. పళ్లు ఎండిపోతాయి. గ్రీజుతో నడవడానికి తయారైన ర్యాకులూ ఉన్నాయి. వాటికి గ్రీజే వేయాలి. ఏది దేనికి అన్నది కంపెనీ మాన్యువల్ చెబుతుంది. పక్క షెడ్డు అలవాటు చెప్పకూడదు.

ఏది మార్చాలి? ఏది ఉంచాలి?

అలాగని విప్పిన ప్రతిదీ చెత్తబుట్టలో వేయమని కాదు. తెలివైన మెకానిక్ ర్యాక్‌ను విప్పి, కిరసనాయిల్‌తో కడిగి, బల్ల మీద పరిచి మూడు కుప్పలు పెడతాడు.

మొదటి కుప్ప: ఆలోచించకుండా మార్చాల్సినవి. రెండు బూట్లు, వాటి క్లిప్పులు, ఆయిల్ సీలు, మూత గాస్కెట్, కొసలోని బుష్, మడిచే లాక్ వాషర్లు, స్ప్లిట్ పిన్నులు. ఒకసారి విప్పిన స్ప్లిట్ పిన్నును మళ్లీ వంచి పెట్టడం పిసినారితనానికి పరాకాష్ఠ. నైలాన్ పట్టు ఉన్న నట్లూ అంతే. ఒకసారి విప్పితే వాటి పని అయిపోయినట్టే.

రెండో కుప్ప: కొలిచి తేల్చాల్సినవి. ర్యాక్ కడ్డీ, పినియన్, బేరింగులు, లోపలి బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు. కడ్డీ నడిమి పళ్లనూ కొసల పళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. పళ్ల అంచు పదునెక్కినా, పెచ్చు లేచినా, తుప్పు గుంటలు పడినా కడ్డీ మార్చాల్సిందే. కడ్డీ, పినియన్ జతగా అరుగుతాయి కాబట్టి జతగానే మార్చడం మేలు. కొత్త కోడలికి పాత అత్తలా, కొత్త కడ్డీకి అరిగిన పినియన్ పొసగదు. కడ్డీ వంగిందేమో ఏ లేత్ షాపులోనైనా వి-బ్లాకుల మీద తిప్పి డయల్ గేజితో చూస్తారు. బాల్ జాయింటు బంతి గుండ్రంగా, నున్నగా ఉంటే ఉంచి గిన్నెను మార్చవచ్చు. గీతలు పడినా, కోలగా మారినా టై రాడ్డే మార్చాలి.

మూడో కుప్ప: ఉంచాల్సినవి. పైనున్న గొట్టం, అంటే హౌసింగ్. పగుళ్లు లేకుండా, బుష్ కూర్చునే చోటు అరగకుండా ఉంటే దాన్ని పారేయక్కర్లేదు. బాగున్న క్లాంపులూ అంతే. అనుమానం ఉంటే పగుళ్లు పట్టే ఎర్ర స్ప్రే దొరుకుతుంది. కొట్టి, తుడిచి, తెల్లపొడి స్ప్రే వేస్తే పగులున్న చోట ఎర్రగీత బయటపడుతుంది. ప్రాణం కంటే ఆ రెండు డబ్బాలు ఖరీదు కావు.

ఇక ఏ పరిస్థితుల్లోనూ చేయకూడనివి రెండు. వంగిన ర్యాక్ కడ్డీని, టై రాడ్‌ను వేడి చేసి సుత్తితో సరిచేయడం ఒకటి. విరిగిన స్టీరింగ్ భాగానికి వెల్డింగ్ పెట్టడం రెండోది. వేడి తగిలితే గట్టిపరిచిన ఉక్కు గుణం పోతుంది. చూపుకి సరిగ్గానే ఉంటుంది. ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

అన్నీ బిగించాక చక్రాలు గాల్లో ఉండగానే స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి చూడాలి. ఎక్కడా పట్టకూడదు, ఎక్కడా వదులవకూడదు. తర్వాత వీల్ అలైన్‌మెంట్. అది చేయించకుండా బండి రోడ్డెక్కితే కొత్త టైర్లు నెలల్లోనే ఒక పక్క అరిగిపోతాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ మళ్లీ ఒకసారి చూడాలి.

ఇనుముకు వంశం.. రబ్బరుకు వయసు

ఇక్కడ ఓనర్లు ఒక న్యాయమైన మాట అంటారు. ‘మార్చమంటారు సరే, మంచి సామాను ఎక్కడ దొరుకుతోంది? ఇప్పటి నకిలీ కంటే అరిగిన అసలుదే నయం’ అని. కొట్టిపారేయాల్సిన మాట కాదు. అంబాసిడర్ తయారీ ఆగి పదేళ్లు దాటింది. హెరాల్డ్ సంగతి సరేసరి. బళ్లారి వాళ్లు బెంగళూరు జేసీ రోడ్డుకు, హోసూరు, వేలూరు వాళ్లు చెన్నై పుదుపేటకు, బరంపురం వాళ్లు కోల్‌కతా మల్లిక్ బజారుకు పోవాలి. అక్కడ దొరికేదీ మూడు రకాలు. పాత స్టాకులో మిగిలిన కంపెనీ సామాను. కొత్తగా ఎవరో చేసిన నకలు. తుక్కు బండి నుంచి విప్పిన ర్యాక్.

తుక్కు బండి ర్యాక్ సంగతి ముందు చూద్దాం. కోల్‌కతాలో 15 ఏళ్లు దాటిన పసుపు అంబాసిడర్ టాక్సీలు రోడ్డు దిగిపోతున్నాయి. వాటి భాగాలు మార్కెట్‌కు వస్తున్నాయి. ఏళ్ల తరబడి పగలూ రాత్రీ తిరిగిన టాక్సీ ర్యాక్ తెచ్చి బిగించుకుంటే జరిగేదేమిటి? మన ఆటను ఇచ్చి ఇంకొకరి ఆటను కొనుక్కోవడం. దాన్ని కూడా విప్పి, కొలిచి, మూడు కుప్పలు పెట్టాకే వాడాలి.

మిగిలిన రెంటికీ ఒక సూత్రం పెట్టుకోవచ్చు. ఇనుముకు వంశం చూడాలి, రబ్బరుకు వయసు చూడాలి. కంపెనీ పెట్టెలో నూనె కాగితం చుట్టి ఉన్న పాత ర్యాక్ కడ్డీ, తుప్పు పట్టకుండా ఉంటే, ఎవరో కొత్తగా కోసిన నకలు కంటే మేలు. గట్టిపరిచిన ఉక్కు పన్ను మీద ఆకురాయి గీరితే జారిపోతుంది. మెత్తటి నకలు మీద గీత పడుతుంది. దుకాణదారు ఆకురాయి పెట్టనివ్వకపోతే అదే జవాబు.

రబ్బరు విషయంలో లెక్క తిరగబడుతుంది. ఇరవై ఏళ్లుగా అలమారలో పడున్న ‘అసలు కంపెనీ బూటు’ పెట్టెలో మెరుస్తూనే ఉంటుంది. వేలితో సాగదీస్తే ముడతల్లో వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. దానికంటే మొన్న తయారైన మంచి రబ్బరు బూటు వందరెట్లు నయం. ‘ఒరిజినల్’ అనే మాటకు రబ్బరు దగ్గర విలువ లేదు.

అసలుతనం మీద ఉన్న ఇంకో భ్రమా ఇలాంటిదే. భాగాలు మారిస్తే బండి పాతతనం పోతుందని కొందరి భయం. కేంద్రం 2021లో వింటేజ్ వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత టూవీలర్లు, కార్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు. అందులో కూడదన్నది ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు. అరిగిన బుష్, చిరిగిన బూటు తీసి అదే కొలతకు అలాంటిదే వేస్తే అసలు రూపం చెడదు. ఆ భాగాలను తయారుచేసిందే మార్చుకోవడానికి.

చట్టం ఏమంటోంది?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన స్టీరింగ్ గురించే. స్టీరింగ్ చక్రం మీద ఆట 30 డిగ్రీలకు మించకూడదు, స్టీరింగ్ బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలి, బోల్టులు, పిన్నులు ఊడకుండా లాక్ చేసి ఉండాలి అంటుంది. చిరిగిన రబ్బరు, తీసి పారేసిన స్ప్లిట్ పిన్ను చట్టం కళ్లలో కూడా తప్పే అన్నమాట.

కానీ 30 డిగ్రీలు అంటే ఎంత? 380 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టీరింగ్ మీద అంచు దగ్గర దాదాపు 100 మిల్లీమీటర్లు. అంటే నాలుగు అంగుళాలు. ర్యాక్ ఉన్న కారుకు బ్రిటన్‌లో ఏటేటా జరిగే పరీక్షలో అదే సైజు స్టీరింగ్‌కు ఒప్పుకునేది 13 మిల్లీమీటర్లే. నాలుగు డిగ్రీలకు తక్కువే. ఒకే రకం ర్యాక్, పుట్టిన దేశంలో అర అంగుళం, పెరిగిన దేశంలో నాలుగు అంగుళాలు! లారీలకూ కార్లకూ కలిపి ఒకే గీత గీస్తే ఇలాగే ఉంటుంది. ర్యాక్ ఉన్న కార్లకు వేరే కొలత పెట్టాలి.

బ్రిటన్‌లో 2018 మే నుంచి 40 ఏళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని కార్లకు ఆ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా బండిని రోడ్డుకు తగ్గ స్థితిలో ఉంచే బాధ్యత ఓనరుదే. మన దగ్గరా అంతే. 1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం బండిలో లోపం ఉందని తెలిసి నడిపినా తప్పే, మామూలు శ్రద్ధ పెడితే తెలిసే లోపాన్ని చూసుకోకుండా నడిపినా తప్పే. 2019 సవరణతో దానికి జరిమానా రూ.1,500కు పెరిగింది. ఆ లోపం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే జైలు దాకా పోవచ్చు. ‘నాకు తెలియదు సార్’ అన్న మాట చెల్లదు. చేతిలో నాలుగు అంగుళాలు ఆడుతుంటే తెలియకపోవడం ఏమిటి?

సొంత కారుకు 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. బండి చూసేందుకు అధికారికి దొరికే అవకాశం అది. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఎడమా కుడీ పట్టుకుని ఊపితే టై రాడ్ కథ, పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగుల కథ తెలుస్తుంది. ఐదు నిమిషాల పని. పొగ పరీక్షకు పెట్టే శ్రద్ధలో సగం ఇక్కడ పెడితే చాలు.

సరిహద్దులో ఇంకో చిక్కు

సరిహద్దు బండ్లకు కాగితాల గొడవ ఎక్కువ. ఆంధ్ర నంబరు కారు కర్ణాటకలోనో తమిళనాడులోనో 12 నెలలు మించి ఉంటే అక్కడి నంబరుకు మారాలి. దానికి ఎన్‌ఓసీ తేవాలి. తాత పేరు నుంచి మనవడి పేరుకు బండి మారాలి. ఈ తిరుగుళ్లలో ఓనరు శక్తి, డబ్బు అయిపోతాయి. బండి పరిస్థితి వెనక్కి పోతుంది. నంబరు మారింది కదా, ఇక అంతా సరే అనుకుంటారు. కాగితం మారినంత మాత్రాన కడ్డీ పళ్లు మొలవవు.

ఇంకో చిక్కు మనుషులది. ర్యాక్‌ను విప్పి, కొలిచి, షిమ్ము లెక్క చూసి బిగించగల మేస్త్రీలు వయసు మళ్లినవాళ్లు. ఇప్పటి పిల్లలకు ర్యాక్ అంటే మొత్తం తీసి మొత్తం కొత్తది వేసే సామాను. కొత్త కార్లకు అదే సరి. తయారీ ఆగిన కారుకు ‘మొత్తం కొత్తది’ ఎక్కడి నుంచి తెస్తారు? ఆ పెద్ద మేస్త్రీల చేతిపని వాళ్లతోనే పోకుండా ఉండాలంటే ఆ పనికి తగ్గ కూలి ఇవ్వాలి. కంటికి కనిపించే పెయింటుకు అడిగినంత ఇచ్చి, కింద పడుకుని రెండు రోజులు కొలతలు చూసినవాడితో బేరమాడితే ఏ కుర్రాడు ఆ పని నేర్చుకుంటాడు? షిమ్ము తీసి పావుగంటలో పంపేవాడిని మనమే తయారుచేస్తున్నాం.

ఏం చేయాలి?

ఓనర్లు వరస మార్చాలి. ముందు స్టీరింగ్, బ్రేకులు, టైర్లు. తర్వాతే రంగు. షెడ్డుకు పోకముందే ఇంట్లో ఒక పరీక్ష చేసుకోవచ్చు. బండిని నేల మీదే ఉంచి, ఇంజను ఆపి, ఒకరు స్టీరింగ్‌ను అంగుళం అటూ అంగుళం ఇటూ కదపాలి. ఇంకొకరు బానెట్ ఎత్తి, ముందు చక్రాల వెనక నుంచి ఒక్కో జాయింటు మీద చెయ్యి వేసి చూడాలి. ఎక్కడ చేతి కింద టకటక తెలిస్తే అక్కడే అరుగుదల. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరడం మాత్రం వద్దు.

పని అప్పగించేటప్పుడు ‘విప్పినవి సంచిలో వేసి ఇవ్వు తమ్ముడూ’ అని ముందే చెప్పాలి. ఏం మార్చారో, ఏం ఉంచారో, ఎందుకు ఉంచారో బిల్లు మీద రాయించుకోవాలి. నిజాయితీగా పని చేసే మేస్త్రీ దానికి నొచ్చుకోడు, సంతోషిస్తాడు.

ర్యాలీలు పెట్టే క్లబ్బులకూ ఒక బాధ్యత ఉంది. మెరుపు చూసి బహుమతి ఇచ్చే రోజునే ఒక జాకీ, ఒక టార్చిలైటు కూడా పెట్టండి. స్టీరింగ్ ఆడే బండికి ఎంత రంగున్నా బహుమతి వద్దు. బూట్లు, బుష్‌ల వంటివాటికి నలుగురు కలిసి ఒకేసారి ఆర్డరిస్తే మంచి రబ్బరుతో చేసిచ్చేవాళ్లు దొరుకుతారు. ఒక్కడికి ఒక జత కావాలంటే ఎవరూ అచ్చు పోయరు.

పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ముందు సీట్లో మేనమామ, వెనక పిల్లలు.. పాత అంబాసిడర్ మోసుకెళ్లేది వీళ్లను. ఎదురొచ్చే బైకు మీద ఉన్నవాడికి ఆ బండి పెయింటు ఎంత మెరుస్తోందన్నది అనవసరం. తిప్పినప్పుడు తిరుగుతుందా లేదా అన్నదే వాడికి కావాలి.